ఆవిడవి కాని మోకాళ్ళు

హైస్కూలు, డ్రాయింగు గది

చిరంజీవి పిడుగుకి అన్నయ్య ఆశీస్సులు.

బొమ్మ మన ఊరికి వచ్చేస్తోంది. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, నువ్వు పనిచేసేది ఆ బొమ్మ ఉన్న మ్యూజియంలోనే కదా. తెలిసి కూడా నాకు రాయలేదంటే బొత్తిగా పెద్ద ఉద్యోగస్తురాలివైపోయావన్నమాట.

మొదటినుంచీ చెప్తాను. మన కొత్త టౌన్‌హాలు పూర్తయింది. ప్రారంభోత్సవానికి ఏదైనా కానుక ఇమ్మని, ఒకప్పుడు మనల్ని ఏలిన, ఇప్పుడు నువ్వున్న ఆ దేశపు రాయబారిని మన మునిసిపల్ చైర్మన్ గారు అడిగారు. ఏం కావాలో మీరే చెప్పండి అని జవాబు వచ్చింది. అది తేల్చడానికి వేసిన కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. ఒకరు అంబులెన్సు అన్నారు, ఒకరు గోడగడియారం అన్నారు. నేను లేచి "కృతజ్ఞత" పటం అడుగుదామన్నాను. నా మాట ఒక కమిటీలో నెగ్గడం ఈ జన్మలో ఇదే మొదలు. మీ వదిన ఇంకా నమ్మడం లేదు.

నా క్లాసులో నల్లబల్ల పక్కన దాని అచ్చుప్రతి ఉంటుంది, గుర్తుందిగా. ఎండ తగిలి తగిలి దొర మొహం ఆకుపచ్చగా తిరిగిపోయింది, అయినా నేను దించలేదు. మన రేవు, ఒడ్డున డేరా, కుర్చీలో గవర్నరు దొర, వెనక పడవలోంచి దిగుతున్న ధాన్యం బస్తాలు, ఇటు మోకాళ్ళ మీద మన ఊరి జనం, అందరికీ ముందు పూలు పట్టుకుని ఒక ఆడమనిషి. కరువులో దొర ధాన్యం తెప్పిస్తే ఊరు ఊరంతా వెళ్ళి మొక్కిందని నువ్వూ నేనూ ఒకే పుస్తకంలో చదువుకున్నాం. ప్రపంచంలో ఎన్ని బొమ్మలున్నాయో నాకు తెలీదు గాని, మన రేవు ఉన్న బొమ్మ అదొక్కటే. నాన్న వేలు పెట్టి చూపించేవాడు, ఇదిగో మన గోదాం, ఇవిగో మన మెట్లు అని. నాకు పెన్సిలు పట్టాలని బుద్ధి పుట్టింది దాన్ని చూసే.

పెట్టెలో సర్దేటప్పుడు దగ్గరుండు. వాళ్ళెంత జాగ్రత్తపరులైనా, మన వస్తువు మన మనిషి చేతిమీదుగా రావాలి. వదినా, అమ్మాయీ కులాసా. అమ్మాయి మేనత్తకి ముద్దులు రాయమంది, ఇంత పెద్దదాన్నయ్యాక ముద్దులేమిటని మళ్ళీ వద్దంది. రెండూ రాస్తున్నాను.

అన్నయ్య

*

మ్యూజియం, వెనకవైపు గది

అన్నయ్యా,

నీ ఉత్తరానికి జవాబు రాద్దామని కూర్చోవడం, చింపెయ్యడం, ఇదే పనైంది. నువ్వంత సంబరంగా ఉంటే దాని మీద నీళ్ళు చల్లడానికి చేతులు రాలేదు. ఇప్పుడు జాలిని కోపం మించిపోయింది, అందుకే రాస్తున్నాను.

నేనిక్కడ చేస్తున్న పని నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. సామ్రాజ్యం నడిచినన్నాళ్ళూ దాన్ని బొమ్మల్లో ఎలా చూపించారన్న దాని మీద మా వాళ్ళు పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. వాటిని ఏరి, ఏది ముందో ఏది వెనకో తేల్చే పని నాది. నా గది నిండా అవే. నూనెరంగుల పటాలు, పోస్టర్లు, తపాలా బిళ్ళలు, బిస్కట్ల డబ్బాలు, భోజనం పళ్ళేలు, పిల్లలు ముక్కలు పేర్చి ఆడుకునే అట్టబొమ్మలు. పొద్దస్తమానం వాటి మధ్య కూర్చుంటే, మనవాళ్ళు పుట్టింది మొయ్యడానికీ, విసనకర్ర విసరడానికీ, వంగడానికీ అనిపిస్తుంది. ఒక సబ్బు కాగితం మీద మనలాంటి పిల్లవాడు ఒళ్ళు రుద్దుకుని తెల్లబడుతున్నాడు. పక్కసీటాయన దాన్ని చూసి ఎంత ముద్దుగా ఉందో అన్నాడు. ఆయన నెత్తిన పళ్ళెం ఒకటి బోర్లించాలనిపించింది. పళ్ళెం మ్యూజియంది కాబట్టి ఊరుకున్నాను.

ఇక అసలు సంగతి. గవర్నరుతో పాటు మన వైపు తిరిగిన ఒక చిత్రకారుడి కాగితాలు కింది సొరుగులో కట్టగట్టి ఉన్నాయి. ఎవరూ విప్పినట్టు లేదు. విప్పాను. అందులో పెన్సిలుతో గీసిన మన రేవు ఉంది అన్నయ్యా. గోదాం గోడ ఇప్పటికీ ఎటు ఒరిగి ఉందో అటే ఒరిగి ఉంది. డేరా ఉంది, కుర్చీలో దొర ఉన్నాడు. ఎదురుగా మన జనం ఉన్నారు. నిలబడి ఉన్నారు. అందరికీ ముందు ఆ ఆడమనిషి కూడా నిలబడే ఉంది. చేతుల్లో పూలు లేవు. కుడిచెయ్యి బారచాపి పడవకేసి చూపిస్తోంది, నోరు తెరిచి ఉంది. దొర ఆవిడ మొహంలోకి చూడడం లేదు. వెనక పడవలోకి కూలీలు బస్తాలు ఎక్కిస్తున్నారు. దింపడం కాదు, ఎక్కించడం. అదే చిత్రకారుడు మరో వైపు నుంచి గీసిన కాగితంలోనూ అంతే, మూపున బస్తాతో పడవకి వేసిన పలక మీదుగా పైకి నడుస్తున్న మనుషులు.

ఆ తర్వాతవన్నీ వరసగా పేర్చుకున్నాను. ఇక్కడి పత్రికలో చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మలో ఆవిడ చెయ్యి దిగిపోయింది, రెండు చేతులూ జోడించింది. చాలా ఏళ్ళకి, మన నది మొహం ఎన్నడూ చూడని మరో చిత్రకారుడు ఈ ఊళ్ళోనే కూర్చుని నీ "కృతజ్ఞత" వేశాడు. అందులో ఆవిడ మోకాళ్ళ మీదకి వచ్చేసింది, చేతికి పూలొచ్చాయి, బస్తాలు వెనక్కి తిరిగి దిగడం మొదలెట్టాయి. పళ్ళెం మీదకి వచ్చేసరికి జనం పోయి దొరా ఆవిడా మిగిలారు. బిస్కట్ల డబ్బా మీద ఆవిడ కూడా లేదు. దొరా, పూలూ ఉన్నాయి.

మన అన్నం బస్తాలు ఎక్కించుకుపోతుంటే అడ్డం వెళ్ళి అడిగిన మనిషిని, అన్నం పెట్టినందుకు మొక్కిన మనిషిని చేశారు. ఆ బొమ్మని మన ఊరికే కానుకగా ఇస్తున్నారు. వద్దని చెప్పు. కాదంటే దాని పక్కన ఈ పెన్సిలు బొమ్మ కూడా పెట్టాలని అడుగు.

నీ పిడుగు

*

ఇంటి నుంచి

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వదినకి చదివి వినిపించలేదు.

నీకు చిన్నప్పటినుంచీ ఉన్నదే. అందరూ బాగుందన్న దాంట్లో రాయి ఏరందే నీకు ముద్ద దిగదు. ఎవడో ప్రయాణంలో మోకాలి మీద కాగితం పెట్టుకుని గీసిన గీతలకి ఇంత విలువా? వాడు హడావిడిగా గీసి ఉండొచ్చు. మంచం పట్టి తర్వాత గుర్తు తెచ్చుకుని గీసి ఉండొచ్చు. రెండు బొమ్మలుంటే ఒకటి నిజమనీ ఒకటి అబద్ధమనీ ఎలా తేల్చావు? నీ మనసుకి నచ్చింది నిజం, నాకు నచ్చింది అబద్ధమా?

నువ్వు అక్కడ వేల బొమ్మల మధ్య కూర్చున్నావు. మాకున్నది ఒకటి. అది కూడా లాగేసుకుంటే నా క్లాసు గోడకి మేకు మిగులుతుంది. నేను ఇన్నేళ్ళుగా పిల్లలకి ఆ బొమ్మతోనే వెలుగూ నీడా నేర్పాను, దూరంగా ఉన్నవి ఎలా చిన్నవవుతాయో నేర్పాను. అందులో లోపాలు లేవనను. ఆవిడ మెడ కుదరలేదు, ఆ సంగతి నేనే ప్రతి ఏడూ చెప్తాను, ఎంత గొప్పవాళ్ళకైనా ఎక్కడో చెయ్యి జారుతుందని. అంతమాత్రాన బొమ్మంతా దొంగదైపోదు.

ఇక్కడ పనులు జోరుగా సాగుతున్నాయి. ప్రారంభోత్సవం రోజున ఆ దృశ్యాన్ని పిల్లలచేత వేదిక మీద అచ్చంగా కట్టించాలని చైర్మన్ గారికి ఆలోచన వచ్చింది. రాయబారి గారు కూడా వస్తున్నారు. పిల్లల దుస్తులు కుట్టే పని మీ వదినదే, రాత్రీ పగలూ మిషను చప్పుడే. మన అమ్మాయి కూడా అందులో ఉంది.

నువ్వు ఆరోగ్యం చూసుకో. కోపం తగ్గాక రాయి.

అన్నయ్య

*

మ్యూజియం

అన్నయ్యా,

కోపం తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

ఎలా తేల్చావని అడిగావు, అడగాల్సిన ప్రశ్నే. పెన్సిలు బొమ్మ మీద పల్చటి కాగితం వేసి ఆవిడ గీతలు ఎత్తుకున్నాను. దాన్ని పెంచి నీ "కృతజ్ఞత" మీద పరిచాను. నడుం నుంచి పైకి గీతకి గీత సరిపోయింది. తల, మెడ, భుజం, రవిక మడత కూడా. ఆ పెద్దమనిషి ఆవిడని మళ్ళీ వెయ్యలేదు, ఎత్తుకున్నాడు. చెయ్యి మాత్రం భుజం దగ్గర తుంచి కొత్తది అతికించాడు. నీకు ఏళ్ళ తరబడి కుదరకుండా కనిపించిన ఆ మెడ నిలబడి మాట్లాడుతున్న మనిషి మెడ. అది కుదరకపోవడం చెయ్యి జారడం కాదు.

మరి కాళ్ళు ఎక్కడివి అని వెతికాను. దొరికాయి. "కృతజ్ఞత" వేసిన చిత్రకారుడు నమూనాకి గీసుకున్న కాగితాల్లో ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద వంగి తడిగుడ్డతో నేల తుడుస్తోంది. పక్కన నీళ్ళ బొక్కెన. ఈ ఊరి మనిషే, ఆయన ఇంట్లోనో పక్కింట్లోనో పనిచేసిన మనిషి అయి ఉంటుంది. ఆ మోకాళ్ళే. పాదాల ఒంపుతో సహా అవే. అన్నయ్యా, ఆ మోకాళ్ళు మన ఆవిడవి కావు. ఇక్కడ నేల తుడిచి బతికిన ఒకావిడ కాళ్ళు తెగ్గోసి తీసుకెళ్ళి, మన రేవులో నిలబడి అడిగిన ఒకావిడకి అతికించారు. ఇద్దరినీ కలిపి దానికి కృతజ్ఞత అని పేరు పెట్టారు.

మా డైరెక్టరు దగ్గరికి అన్నీ పట్టుకెళ్ళాను. చూశాడు, కాదనలేదు. కాదంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. కళ్ళజోడు తుడుచుకుంటూ, "జనం తమకి అలవాటైన బొమ్మని చూడ్డానికి వస్తారమ్మా, అలవాటు చెడగొట్టించుకోడానికి రారు" అన్నాడు. పెన్సిలు బొమ్మ ప్రదర్శనలో పెట్టనన్నాడు. దాని నకలు ఎవరికీ పంపరాదని కూడా అన్నాడు. నా చేత్తో నేను చూసి గీసుకున్నది పంపకూడదని అనలేదు. అది దీనితో పాటు మడిచి పెట్టాను. నీ అంత బాగా గీయలేను, సర్దుకో.

వేదిక మీద మన అమ్మాయి కూడా ఉందని రాసి ఊరుకున్నావు. అందులో ఎవరిగా ఉందో రాయలేదు. అడుగుతున్నాను, చెప్పు.

పిడుగు

*

హైస్కూలు, డ్రాయింగు గది

పిడుగూ,

పూలు పట్టుకునే ఆవిడగా. అందుకే రాయలేదు. అంతమందిలో దాన్ని ఏరినందుకు గర్వంగానే ఉండేది, నీకు రాస్తే ఏమంటావోనని ఆపాను.

నిన్న చైర్మన్ గారి గదిలో రిహార్సలు జరిగింది. వేదిక ఇంకా తయారవలేదు. ఆయన తన కుర్చీ ముందుకి జరిపి దొర చోట కూర్చున్నారు. పిల్లలకి మోకాళ్ళ మీద వంగడం రావడం లేదు, ఒకరినొకరు చూసి నవ్వుతున్నారు. బొమ్మ మాస్టారికి కంఠతా వచ్చు కదా, మాస్టారే చూపిస్తారన్నారు ఆయన. సరేనని నేల మీద వంగాను. బొమ్మలో ఉన్నట్టు నడుం పెట్టాను, చేతులు పెట్టాను, తల ఆవిడలాగా తిప్పబోయాను. తిరగదు. మోకాళ్ళ మీద అంత వంగాక మెడ అటు తిరగడమన్నది జరగదు. పట్టుబట్టి తిప్పితే మెడనరం పట్టేసింది. ఆ అవస్థలో నాకు ఎదురుగా కనిపించింది చైర్మన్ గారి చెప్పులు. ఆయన పై నుంచి ఎంతో ఆప్యాయంగా, "అచ్చు బొమ్మలో ఉన్నట్టే ఉన్నారు మాస్టారూ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మన అమ్మాయి నవ్వలేదు. నావైపు చూడకుండా గోడకేసి చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని నువ్వు గీసింది తీశాను. అప్పటిదాకా విప్పనే లేదు, ఆ మాట ఇప్పుడు చెప్తున్నాను. నిలబడి చెయ్యి చాపాను, పడవ అక్కడుందనుకుని. మెడ తన చోటికి తానే వెళ్ళిపోయింది. నొప్పి లేదు, తంటా లేదు. వంగినప్పుడు కుదరనిది నిలబడితే కుదిరింది. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. పిల్లలకి వెలుగూ నీడా నేర్పుతున్నాననుకున్నాను. వంగడం నేర్పాను నేను.

చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరాల్లో ఉన్నదంతా చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు, ఓపిగ్గా విన్నారు. విని, ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, రాయబారి బయల్దేరుతున్నాడు, ఇప్పుడు బొమ్మ వద్దంటే ఊరి పరువు పోతుందన్నారు. "నిలబడ్డా కూచున్నా అది మన ఊరే కదా మాస్టారూ" అన్నారు. లేచి వచ్చేశాను. అమ్మాయిని మాత్రం తప్పించేశాను. రేవులో మూటలు మోసే ఆయన కూతుర్ని ఆ చోట పెట్టుకున్నారు.

తెర తీశాక బొమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాల్సింది నేనే. ఆ పని వదులుకోలేదు. ఏం చెప్తానో నాకే తెలీదు.

అన్నయ్య

*

ఇంటి నుంచి

చెల్లికి ఆశీస్సులు.

ప్రారంభోత్సవం బాగానే జరిగింది. జనం బాగా వచ్చారు. నేను కొన్నాళ్ళు సెలవులో ఉన్నాను, గొంతు పట్టేసింది. తీరిగ్గా తర్వాత రాస్తాను. నువ్వు కంగారు పడకు.

అన్నయ్య

ఇదే కాగితం వెనకవైపు రాస్తున్నాను మరదలు పిల్లా, కవరు అంటించే పని ఈ ఇంట్లో నాది కాబట్టి. మీ అన్నయ్య గొంతు గుండ్రాయిలా ఉంది. సెలవూ కాదు, పాడూ కాదు. సస్పెండు చేశారు.

జరిగింది జరిగినట్టు చెప్తాను. ఆ ముందురోజు అన్నం దగ్గర నేను ఆయన్ని ఒకటి అడిగాను. మన పిల్లని తప్పించారు, బాగుంది, మరి ఆ చోట వంగుతున్నది ఎవరి పిల్ల? వాళ్ళ నాన్న రోజంతా మోసేది ఆ బస్తాలే కదా? ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. నాకు బాధేసింది గాని మాట వెనక్కి తీసుకోలేదు.

హాల్లో చీమ దూరే సందు లేదు. రాయబారి ముందు వరసలో, పక్కన అనువాదం చెప్పే ఆయన. తెర తీశారు. బొమ్మ పెద్దదమ్మా, కాదనను, ఊరంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. వేదిక మీద పిల్లలు దాని కిందే అలాగే వంగి ఉన్నారు, కుర్చీలో దొర వేషం కట్టిన పిల్లవాడు. నేను కుట్టిన బట్టలే. మోకాళ్ళ దగ్గర లోపల దూది పెట్టి కుట్టాను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మీ అన్నయ్య మైకు దగ్గరికి వచ్చారు. క్లాసులో పాఠం చెప్పినట్టు మొదలెట్టారు. "ఈ బొమ్మలో తల ఒకావిడది, మోకాళ్ళు ఇంకొకావిడవి. మన ఆవిడ ఆ రోజు నిలబడే ఉంది" అన్నారు. బస్తాలు దిగడం లేదు, ఎక్కుతున్నాయన్నారు. నువ్వు గీసి పంపిన కాగితం జేబులోంచి తీసి పైకెత్తి పట్టుకున్నారు. వెనకున్న వాళ్ళకి ఏం కనపడుతుంది, అయినా అందరూ మెడలు చాచారు. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు. చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. అప్పుడు ఈయన ఆయనకేసి కాకుండా పిల్లల వైపు తిరిగి, "లేవండమ్మా. మోకాళ్ళు నొప్పెడతాయి" అన్నారు.

పిల్లలు కదల్లేదు, చైర్మన్ గారి మొహం చూశారు. ఆ మూటల ఆయన కూతురు ముందు లేచింది. బట్టలు దులుపుకుంది. చేతిలో పూలు ఏం చెయ్యాలో తెలీక తీసుకెళ్ళి దొర వేషం పిల్లవాడి ఒళ్ళో పడేసింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. వాళ్ళ నాన్న గోడ పక్కన నిలబడి ఉన్నాడు, నేను ఆయన మొహం చూశాను, అది నీకు రాయడం నాకు చేతకాదు.

ఇందులో నవ్వొచ్చే సంగతి కూడా ఉంది. బస్తాల మాట దగ్గరే అనువాదం ఆయన అనువాదం ఆపేశాడు. రాయబారి మళ్ళీ మళ్ళీ అడిగితే, మాస్టారు రంగుల గొప్పతనం వర్ణిస్తున్నారని చెప్పాడట. చివర్లో పిల్లలు లేస్తే అది నాటకంలో భాగమనుకుని ఆ పెద్దమనిషి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. చైర్మన్ గారు పరుగున వెళ్ళి తెర లాగేశారు.

మర్నాడే కాగితం వచ్చింది. ఆయన నీకు రాయొద్దన్నారు, అక్కడ నీ ఉద్యోగానికి మాట వస్తుందని. నువ్వు ఎలా ఉన్నావో నిజం రాయి. మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ దాచుకోవడంలో ఒకటే.

వదిన

*

ఇంటి నుంచి

పిడుగూ,

మీ వదిన రాసేసిందని పోస్టు చేశాక నాకు చెప్పింది. ఇక దాచేదేముంది.

విచారణకి పిలిచారు. విద్యాశాఖ నుంచి వచ్చిన అధికారి మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు. పొరపాటున అలా అన్నానని ఒక మాట రాసిస్తే రేపే నా క్లాసుకి వెళ్ళిపోవచ్చన్నాడు. కాగితం, కలం నా ముందుకి తోశాడు. రాయనండి అన్నాను. ఎందుకని అడిగాడు. గట్టి జవాబు ఏదీ తోచలేదు. ఇంటికొస్తుంటే దారిలో తోచింది, అది రాసిస్తే నాక్కూడా ఎవరివో మోకాళ్ళు అతికించినట్టే కదా అని. కాని అక్కడ మాత్రం రాయనండి, రాయనండి అనే కూర్చున్నాను.

నది అవతలి ఒడ్డున చిన్న బడికి మార్చారు. పడవ మీద వెళ్ళి రావాలి. అక్కడ డ్రాయింగు గది లేదు, వసారాలో చెప్తున్నాను. హైస్కూలు గోడ మీది అచ్చుప్రతి నేనే దించి వచ్చాను. దాని వెనక గోడ మిగతా గోడకన్నా తెల్లగా ఉంది.

టౌన్‌హాల్లో తెర ఆ రోజు లాగింది లాగినట్టే ఉంది. తెరిచి ఉంచడానికి చైర్మన్ గారికి ధైర్యం లేదు, తీసి పంపెయ్యడానికీ లేదు. ఇచ్చిన కానుక వెనక్కి తీసుకునేది లేదని మీ మ్యూజియం వాళ్ళు అన్నారట. సభ్యులు ఆ తెర కిందే కూర్చుని కుళాయిల గురించి దెబ్బలాడుకుంటున్నారు. పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు మాత్రం గుమాస్తా కళ్ళుగప్పి తెర అంచు ఎత్తి లోపలికి తొంగి చూస్తున్నారు. చూసి మెడ ఇటూ అటూ తిప్పుకుని, అవును కుదరదు అనుకుంటూ వెళ్తున్నారు. గుమాస్తా తల పట్టుకుంటున్నాడు.

అమ్మాయి నాతో పెద్దగా మాట్లాడదు గాని, రోజూ పొద్దున్న పడవ దాకా వస్తోంది.

నీ సంగతి ఒక్క ముక్క రాయడం లేదు. ఆ కాగితం ఎవరిచ్చారని అక్కడ నిన్ను అడక్కుండా ఉండరు. ఏం జరిగింది?

అన్నయ్య

*

మ్యూజియం, కింది గిడ్డంగి

అన్నయ్యా,

పై చిరునామా చూస్తే నీకే అర్థమవుతుంది. నన్ను గిడ్డంగిలోకి మార్చారు. ఈ ఏడు చివర్న ఒప్పందం అయిపోతుంది, పొడిగించరట. వదిన చెప్పినట్టు దాచడంలో మనిద్దరం ఒకటే.

నువ్వు మాట్లాడిన సంగతి మీ పత్రికలో పడి, అక్కణ్ణించి ఇక్కడి పత్రికకి వచ్చింది. చప్పట్ల సంగతి కూడా వచ్చింది, దాంతో ఊరంతా చదివారు. డైరెక్టరు పిలిచి, మీ అన్నకి ఆ బొమ్మ ఎలా తెలుసన్నాడు. నేను చెప్పాను కాబట్టి తెలుసన్నాను. నువ్వు గీయగలవని మాకు తెలీదే అన్నాడు. నాకూ తెలీదండి అన్నాను. నవ్వలేదు. మర్యాదగానే గిడ్డంగి తాళాలు చేతికిచ్చాడు.

ప్రదర్శన తెరిచారు. మన ఊరికి పంపేసిన "కృతజ్ఞత" స్థానంలో అంతే పెద్ద నకలు ఒకటి పెద్ద హాల్లో కట్టారు. కింద తళతళలాడే ఇత్తడి పలక, దాని మీద గవర్నరు పేరు బిరుదులతో సహా, చిత్రకారుడి పేరు, బొమ్మ వేయించిన ధనవంతుడి పేరు. నా పక్కసీటాయన రాసిన వివరణ చదివాను. కాలం మారింది కాబట్టి ఈ బొమ్మని ఇప్పుడు పెద్ద మనసుతో చూడాలట. ఎవరి మనసు ఎవరు పెద్దది చేసుకోవాలో రాయలేదు. నాకు ఆ రోజంతా చెవులు వేడెక్కిపోయి ఉన్నాయి. అంత పెద్ద భవనం, అన్ని దీపాలు, ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇంత చేసి చివరికి మళ్ళీ అదే అబద్ధాన్ని కొత్త చట్రంలో బిగించారు.

పత్రికలవాళ్ళు మాత్రం వదల్లేదు. పెన్సిలు బొమ్మ ఎక్కడ, ఎక్కడ అని వచ్చినవాడల్లా అడుగుతుంటే తట్టుకోలేక ఎట్టకేలకి బయట పెట్టించారు. పెద్ద హాల్లో కాదు. గొడుగులు తగిలించే కొక్కేల పక్కన, మరుగుదొడ్లకి వెళ్ళే నడవాలో. పక్కన నేల తుడిచే ఆవిడ బొమ్మ కూడా నేనే తగిలించాను. తగిలించమని ఎవరూ చెప్పలేదు, తియ్యమని కూడా ఇంకా ఎవరూ చెప్పలేదు. జనం అక్కడ గుమిగూడి గొడుగులు తీసుకునేవాళ్ళకి దారి లేకుండా చేస్తున్నారు.

టీ వేళ నేనూ పైకి వచ్చి ఒక మూల నిలబడుతున్నాను. నిన్న జనం పల్చబడ్డాక, ఈ భవనం శుభ్రం చేసే ఆవిడ తుడుపుకర్ర గోడకి ఆనించి ఆ రెండు బొమ్మల ముందూ నిలబడింది. రోజూ నమస్కారాలు చెప్పుకుంటాం, అంతకుమించి మాటల్లేవు మా మధ్య. చాలాసేపు చూసింది. మోకాళ్ళ మీద ఉన్న ఆవిడ పేరేమిటని అడిగింది. ఎవరూ రాసి పెట్టలేదు, తెలీదన్నాను. చెయ్యి చాపిన ఆవిడ పేరు? అదీ తెలీదన్నాను. కుర్చీలో కూర్చున్నాయన పేరు తెలుసా అంది.

"తెలుసు. హాల్లో ఇత్తడి పలక మీద ఉంది" అన్నాను.

"రోజూ తోమేది నేనే" అంది.

తుడుపుకర్ర తీసుకుని నడవా చివరిదాకా తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఈ ఉదయం గిడ్డంగిలోకి దిగబోతూ పెద్ద హాల్లోంచి వచ్చాను. నేల అద్దంలా ఉంది, కిటికీలు మెరుస్తున్నాయి. పలక మీద మాత్రం నిన్నటి జనం వేలిముద్రలు అలాగే ఉన్నాయి. ఇత్తడి కదా అన్నయ్యా, నల్లబడడానికి ఎక్కువ రోజులు పట్టదు.

పిడుగు